రూజ్‌వెల్ట్ తటస్థతా చట్టాన్ని ఉల్లంఘించారా?

ప్రశ్న: ఎం.ఏ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతున్నాను. పరాయి యుద్ధాలకు దూరంగా ఉండడానికి 1935–41 మధ్య అమెరికా చేసిన తటస్థతా చట్టాల మీద సెమినార్ పత్రం రాయాలి. చట్టాల తేదీలు, నిబంధనలతో ఒక పట్టిక తయారుచేసుకున్నాను గాని దాని చుట్టూ ఏం రాయాలో తోచడం లేదు. ఆ చట్టాలు విఫలమయ్యాయని మా మాస్టారు అంటారు. చట్టం బాగానే ఉందనీ, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్టే దాన్ని ఉల్లంఘించాడనీ నా తోటి విద్యార్థి వాదిస్తాడు. వీటిలో ఏది రాయాలి? ఈ చరిత్రలో మనవాళ్ళకు సంబంధించినది ఏమైనా ఉందా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

సమాధానం: మీ మాస్టారి మాటా, మీ తోటి విద్యార్థి మాటా పూర్తిగా తప్పు కావు. అయినా ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిన అవసరం మీకు లేదు. విఫలమైందనాలంటే ఆ చట్టం ఏ పని కోసం పుట్టిందో ముందుగా తేల్చాలి. ఉల్లంఘించారనాలంటే ఏ చట్టాన్నో చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అమెరికా సొంత చట్టం ఒకటి, అంతర్జాతీయ న్యాయం మరొకటి ఉన్నాయి, అవి రెండూ అన్నిచోట్లా ఒకే మాట చెప్పవు. మీ పట్టికను పారేయకండి, దాన్ని అనుబంధంగా చివరికి పంపండి. పత్రాన్ని మాత్రం ఒక ప్రశ్న చుట్టూ నడపండి: తటస్థ దేశంగా తనకున్న హక్కుల్లో వేటిని అమెరికన్ కాంగ్రెస్ (సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన అక్కడి పార్లమెంటు) తనంతట తాను వదులుకుంది, ఆ వదులుకోవడం ఆచరణలో ఎవరికి కలిసివచ్చింది?

ఈ ప్రశ్నకు పునాది 1935లో లేదు, 1793లో ఉంది. విప్లవ ఫ్రాన్సు బ్రిటన్‌తో యుద్ధానికి దిగినప్పుడు, ఆ ఏడాది ఏప్రిల్ 22న జార్జి వాషింగ్టన్ తమ దేశం ఏ పక్షమూ చేరదని ప్రకటించారు. ఫ్రెంచి రాయబారి ఎడ్మండ్ జెనే దాన్ని లెక్కచేయకుండా అమెరికన్ రేవుల్లోనే బ్రిటిష్ ఓడల మీద దాడికి ప్రైవేటు యుద్ధనౌకలను సమకూర్చసాగాడు. అలాంటి ఓడలో పనిచేసిన గిడియన్ హెన్‌ఫీల్డ్ అనే నావికుణ్ణి ప్రభుత్వం కోర్టుకు లాగితే జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. అధ్యక్షుడి ప్రకటన ఒక్కటే చాలదనీ, శిక్షాస్మృతి కూడా కావాలనీ అప్పుడు తెలిసివచ్చింది. ఆ అవసరం నుంచే 1794 చట్టం పుట్టింది. అమెరికాతో సఖ్యంగా ఉన్న దేశం మీదికి అమెరికా గడ్డ నుంచి దండయాత్ర సాగించడం, పరాయి సైన్యం కోసం అక్కడ మనుషులను చేర్చుకోవడం, యుద్ధనౌకలను సాయుధం చేయడం నేరాలయ్యాయి. 1818లో మెరుగులు దిద్దిన ఆ నిబంధనల సారం నేటికీ అమెరికన్ శిక్షాస్మృతిలో ఉంది. అయితే అందులో ఆయుధాల అమ్మకం మీద నిషేధం లేదని గమనించండి. వ్యాపారి తన సరుకును ఎవరికైనా అమ్ముకోవచ్చు, దారిలో శత్రువు పట్టుకుంటే నష్టం అతనిదే.

యుద్ధ నియమాల మీద దేశాలు కుదుర్చుకున్న 1907 నాటి హేగ్ ఒప్పందాలు కూడా ఈ దృష్టినే స్థిరపరిచాయి. ప్రైవేటు వ్యాపారులు యుద్ధంలో ఉన్న దేశాలకు ఆయుధాలు ఎగుమతి చేయడాన్ని ఆపవలసిన బాధ్యత తటస్థ ప్రభుత్వానికి లేదు. కాని ఆ ప్రభుత్వమే స్వయంగా యుద్ధనౌకలనో, మందుగుండునో ఒక పక్షానికి ఇవ్వకూడదు. ఆంక్షలు పెట్టదలిస్తే రెండు పక్షాల మీదా సమానంగా పెట్టాలి. ఈ మూడు వాక్యాలను పత్రం మొదట్లోనే రాసిపెట్టుకుంటే తరువాతి ప్రతి ఘట్టాన్నీ వీటితో సరిచూసుకోవచ్చు. 1935లో కాంగ్రెస్ చేసిన పని అంతర్జాతీయ న్యాయం కోరినదానికంటే చాలా దూరం వెళ్ళింది, అంటే ఉన్న హక్కులను సొంత చట్టంతో తానే కత్తిరించుకుంది.

ఎందుకు కత్తిరించుకుందో తెలియాలంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటి 1914–17 అనుభవాన్ని చూడాలి. ఆలోచనలో సైతం నిష్పక్షపాతంగా ఉండండని అప్పటి అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ప్రజలను కోరారు. యుద్ధంలో ఉన్న దేశాలకు అప్పులివ్వడం తటస్థతకు తగదని విదేశాంగ మంత్రి బ్రయన్ మొదట్లో గట్టిగానే చెప్పారు. ఏడాది తిరిగేసరికి ఆ పట్టు సడలింది. 1915లో మోర్గన్ బ్యాంకు ఆధ్వర్యంలో బ్రిటన్, ఫ్రాన్సులకు 50 కోట్ల డాలర్ల రుణం సమకూరింది. అదే ఏడాది మే 7న జర్మన్ జలాంతర్గామి ముంచిన బ్రిటిష్ ఓడ లూసిటానియాలో చనిపోయిన 1,198 మందిలో 128 మంది అమెరికన్లు. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలో చేరి లక్షకు పైగా సైనికులను పోగొట్టుకుంది. ఆ తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో, ఐరోపా దేశాలు రుణాలు ఎగ్గొడుతున్న కాలంలో, ఆ చావులు ఎవరి లాభం కోసమన్న ప్రశ్న దేశమంతటా వినిపించింది. ఉత్తర డకోటా సెనేటర్ జెరాల్డ్ నై నాయకత్వాన 1934లో మొదలైన సెనేట్ కమిటీ ఆయుధ కంపెనీల, బ్యాంకుల లెక్కలు బయటికి తీసింది. వాళ్ళు దేశాన్ని యుద్ధంలోకి లాగారని ఆ కమిటీ నిరూపించలేకపోయింది. వాళ్ళు ఎంత సంపాదించారో మాత్రం చూపించింది, ఓటర్లకు అది చాలింది.

1935 చట్టం ఈ వాతావరణంలో వచ్చింది. దానిలోని ఒక్కొక్క నిబంధన పక్కన 1914–17 నాటి ఏ సంఘటనకు అది జవాబో రాసుకుంటూ వెళ్ళండి, మీ పట్టికకు ప్రాణం వస్తుంది. ఆయుధ వ్యాపారుల లాభాలకు జవాబుగా యుద్ధంలో ఉన్న అన్ని దేశాలకూ ఆయుధ ఎగుమతి నిషేధం, తయారీదారులకు రిజిస్ట్రేషన్, లైసెన్సులు వచ్చాయి. లూసిటానియాకు జవాబుగా, యుద్ధంలో ఉన్న దేశాల ఓడలెక్కే అమెరికన్ల క్షేమం వాళ్ళ పూచీయే అనే హెచ్చరిక వచ్చింది. మోర్గన్ రుణాలకు జవాబు 1936 ఫిబ్రవరి సవరణలో అప్పుల నిషేధంగా వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని వెక్కిరించడం తేలిక. నేను మాత్రం ఆ కాంగ్రెస్‌ను అంత తేలిగ్గా తీసిపారేయను. 1917లో తమను యుద్ధంలోకి నడిపిన దారులేవో వాళ్ళు శ్రద్ధగానే గుర్తించారు. తరువాతి యుద్ధం ఆ దారుల్లోనే వస్తుందనుకోవడం దగ్గర దెబ్బతిన్నారు.

ఇక్కడ అధ్యక్షుడికీ కాంగ్రెస్‌కూ జరిగిన పెనుగులాటను వదిలిపెట్టవద్దు. దురాక్రమణ చేసినవాడికి మాత్రమే ఆయుధాలు ఆపే వెసులుబాటు తనకు ఉండాలని రూజ్‌వెల్ట్ కోరారు. దోషి ఎవరో తేల్చడమంటే ఒక పక్షం చేరడమే కాబట్టి అది కుదరదని సెనేట్ పట్టుబట్టింది. 1935 ఆగస్టు 31న ఆయన అయిష్టంగానే సంతకం పెట్టారు. ఈ బిగుసు నిబంధనలు మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచడానికి బదులు అందులోకే ఈడ్చవచ్చనే అర్థం వచ్చే మాట ఆ రోజే అన్నారు. అయితే సెనేట్ ఎంత బిగించినా ఒక సందు మిగిలింది. యుద్ధం నడుస్తోందని అధ్యక్షుడు ప్రకటిస్తేనే చట్టం కదులుతుంది. తరువాతి ఆరేళ్ళ చరిత్రలో చాలా భాగం ఆ ఒక్క సందులోంచే నడిచింది.

మొదటి పరీక్ష ఐదు వారాల్లోనే వచ్చింది. అక్టోబరు 3న ఇటలీ ఇథియోపియా మీద పడింది, అక్టోబరు 5న రూజ్‌వెల్ట్ చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. ఆయుధాలు కొనగల స్తోమత గాని, తెచ్చుకోగల రేవు గాని ఇథియోపియాకు లేవు కాబట్టి, ఆయుధాలు ఆపితే దెబ్బ ఇటలీకే తగులుతుందని ఆయన లెక్క. ఇటలీకి కావలసింది మాత్రం చమురు. చట్టం దృష్టిలో చమురు ఆయుధం కాదు. అమ్మవద్దని ప్రభుత్వం నైతికంగా విజ్ఞప్తి చేసినా అమెరికన్ చమురు ఇటలీకి వెళుతూనే ఉంది, పైగా అమ్మకాలు పెరిగాయి. నానాజాతి సమితి కూడా తన ఆంక్షల్లో చమురును చేర్చలేదని రాయడం న్యాయం.

స్పెయిన్ దగ్గర మీరు కొంచెం ఎక్కువసేపు ఆగాలని నా సలహా, ఎందుకంటే ఈ చరిత్రలో నైతికంగా అన్నిటికన్నా బరువైన ఘట్టం అదే. 1936 జులైలో అక్కడి ప్రభుత్వం మీద సైనికాధికారి ఫ్రాంకో తిరుగుబాటు మొదలయ్యేనాటికి ఉన్న చట్టం దేశాల మధ్య యుద్ధానికే వర్తించేది, అంతర్యుద్ధానికి కాదు. అంతర్జాతీయ ఆనవాయితీ ప్రకారం గుర్తింపు ఉన్న ప్రభుత్వం తిరుగుబాటును అణచడానికి బయటినుంచి ఆయుధాలు కొనుక్కోవచ్చు, మాడ్రిడ్‌లోని రిపబ్లిక్ అలాంటి ప్రభుత్వమే. అయినా అమ్మవద్దని అమెరికా ప్రభుత్వం వ్యాపారులను కోరింది. డిసెంబరులో రాబర్ట్ క్యూజ్ అనే వ్యాపారి చట్టంలో అడ్డు లేదు కదా అని విమానాలు, ఇంజిన్ల ఎగుమతికి లైసెన్సు అడిగితే ఇవ్వక తప్పలేదు. ఆ సందును మూయడానికి కాంగ్రెస్ హడావిడిగా స్పెయిన్ ఒక్కదాని కోసమే తీర్మానం చేసింది. ప్రతినిధుల సభలో 406 మంది అవునన్నారు, మిన్నెసోటాకు చెందిన జాన్ బెర్నార్డ్ ఒక్కరే కాదన్నారు. 1937 జనవరి 8న అది అమలయ్యే లోపే క్యూజ్ సరుకుతో మార్ కాంటాబ్రికో ఓడ న్యూయార్క్ దాటిపోయింది, కాని మార్చిలో అది ఫ్రాంకో నౌకాదళం చేతికి చిక్కింది.

కాగితం మీద ఆ నిషేధం రెండు పక్షాలకూ సమానమే. ఫ్రాంకోకు జర్మనీ, ఇటలీలు విమానాలూ సైనికులనూ పంపుతున్నాయి, అమెరికన్ చమురు కూడా అతనికి అందుతోంది. మొత్తం భారమంతా రిపబ్లిక్ మీదే పడింది. సమానత్వం పేరుతో జరిగిన ఈ అసమానతను 1939 జనవరి నాటికి రూజ్‌వెల్టే ఒప్పుకున్నారు. మన తటస్థతా చట్టాలు దురాక్రమణదారుకు సాయపడి బాధితుడికి సాయం నిరాకరించేలా పనిచేయవచ్చని ఆ నెల కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో చెప్పారు. అప్పటికి స్పెయిన్ రిపబ్లిక్ చివరి దశలో ఉంది.

1937 మే 1 చట్టాన్ని విద్యార్థులు సాధారణంగా శాశ్వత తటస్థతా చట్టం అని ఒక ముక్కలో తేల్చేస్తారు. అంతర్యుద్ధాలను చేర్చడం, యుద్ధంలో ఉన్న దేశాల ఓడల్లో అమెరికన్ల ప్రయాణాన్ని పూర్తిగా నిషేధించడం అందులో ఉన్నాయి. వాటికన్నా ముఖ్యం, రెండేళ్ళ గడువుతో పెట్టిన నగదు నిబంధన. ఆయుధాలు కాని సరుకును అధ్యక్షుడు సూచించిన మేరకు, కొన్నవాడు ముందుగా సొమ్ము చెల్లించి, తన ఓడల్లోనే మోసుకుపోవాలి. వినడానికి ఇదీ అందరికీ సమానమే. అట్లాంటిక్‌లో ఓడలూ డాలర్లూ ఉన్నది బ్రిటన్‌కు, పసిఫిక్‌లో ఓడలున్నది జపాన్‌కు. అంటే ఒకే వాక్యం ఒక సముద్రంలో హిట్లర్ ప్రత్యర్థికీ, మరో సముద్రంలో చైనా మీద దండెత్తినవాడికీ కలిసివస్తుంది.

అందుకే 1937 జులై 7న మార్కో పోలో వంతెన దగ్గర చైనా, జపాన్ పోరు మొదలైనప్పుడు రూజ్‌వెల్ట్ ఇందాక చెప్పిన సందును వాడుకున్నారు. రెండు దేశాల్లో ఏదీ యుద్ధం ప్రకటించలేదు కాబట్టి యుద్ధం ఉందని తాను నిర్ధారించనవసరం లేదని ఊరుకున్నారు. షాంఘై, నాంకింగ్ తగలబడుతున్నా అమెరికన్ చట్టం లెక్కలో యుద్ధం లేదు. దీనివల్ల చైనా ఆయుధాలు, అప్పులు పొందగలిగింది, జపాన్ కూడా ఇనుపతుక్కు, చమురు కొంటూనే పోయింది. మీ తోటి విద్యార్థి ఉల్లంఘన అంటున్నది ఇలాంటి పనులనే అయితే, చట్టం అక్షరం రూజ్‌వెల్ట్ పక్షానే ఉందని చెప్పండి. చట్టం ఉద్దేశానికి ఇది విరుద్ధమని నై వర్గం చేసిన ఫిర్యాదును కూడా పక్కనే పెట్టండి.

1939 వేసవిలో ఆయుధ నిషేధాన్ని ఎత్తేయించడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. జులైలో శ్వేతసౌధంలో జరిగిన సమావేశంలో సెనేటర్ విలియం బోరా, ఈ ఏడాది యుద్ధం రాదనీ, తన సమాచారం విదేశాంగ శాఖ సమాచారం కన్నా మెరుగైనదనీ అన్నారు. సెప్టెంబరు 1న హిట్లర్ పోలండ్ మీద పడ్డాడు. సెప్టెంబరు 5న రూజ్‌వెల్ట్ చట్టాన్ని అమలు చేస్తూ ప్రకటన జారీచేశారు. కెనడా 10వ తేదీ దాకా యుద్ధం ప్రకటించకపోవడంతో ఆ కొద్ది రోజులూ నిషేధం ఆ దేశానికి వర్తించలేదు. సెప్టెంబరు 21న ప్రత్యేక సమావేశంలో, ఆ చట్టాన్ని కాంగ్రెస్ చేసినందుకు విచారిస్తున్నాననీ, దాని మీద తాను సంతకం చేసినందుకూ అంతే విచారిస్తున్నాననీ ఆయన ఒప్పుకున్నారు. యుద్ధం మధ్యలో నియమాలు మార్చడమే తటస్థతకు విరుద్ధమని వ్యతిరేకులు వాదించారు. హేగ్ ఒప్పందం మాటలను బట్టి చూస్తే అది కొట్టిపారేయదగిన వాదన కాదు. చివరకు సెనేట్ 63–30తో ఆమోదించగా నవంబరు 4న కొత్త చట్టం వచ్చింది. ఆయుధాలు కూడా నగదు పద్ధతిలో అమ్మవచ్చు, అమెరికన్ ఓడలు మాత్రం యుద్ధ మండలాల్లోకి, అంటే అధ్యక్షుడు ప్రమాదకరమని ప్రకటించిన సముద్ర ప్రాంతాల్లోకి, పోకూడదు.

ఈ నియమాలు నేల మీద ఎలా నడిచాయో చూపే ఉదాహరణ ఒకటి మీ పత్రంలో తప్పక ఉండాలి. బ్రిటన్ కొన్న లాక్‌హీడ్ బాంబర్లను అమెరికన్ పైలట్లు సరిహద్దు దాటించి కెనడాకు నడపకూడదు. కనుక 1940 తొలినాళ్ళలో వాటిని ఉత్తర డకోటాలోని పెంబినా దగ్గర దింపి, గుర్రాలతోనూ ట్రాక్టర్లతోనూ సరిహద్దు గీత అవతలికి లాగించారు. అది సెనేటర్ నై సొంత రాష్ట్రం కావడం ఒక విచిత్రం. అదే కాలంలో కొన్ని అమెరికన్ కంపెనీలు తమ ఓడలను పనామా జెండా కిందికి మార్చి యుద్ధ మండల నిషేధాన్ని తప్పించుకున్నాయి.

1940–41 సంగతి మీరు చదివే ఉంటారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1940 సెప్టెంబరు 2న 50 పాత డిస్ట్రాయర్ యుద్ధనౌకలను బ్రిటన్‌కు ఇచ్చి, బ్రిటిష్ భూభాగాల్లో స్థావరాలకు 99 ఏళ్ళ లీజు తీసుకోవడం హేగ్ నియమాలకు సూటిగా విరుద్ధం, ఎందుకంటే ఒక తటస్థ ప్రభుత్వమే యుద్ధనౌకలను ఇచ్చింది. సొంత చట్టం మేరకు ఇది సాధ్యమేనని అటార్నీ జనరల్ రాబర్ట్ జాక్సన్ అభిప్రాయం రాసిచ్చారు, అది ఈనాటికీ వివాదాస్పదమే. మిత్రదేశాలకు యుద్ధ సామగ్రిని అరువుగానో, లీజుగానో ఇచ్చే 1941 మార్చి 11 నాటి లెండ్–లీజ్ చట్టం సొమ్ము ముందు చెల్లించాలన్న షరతును వ్యర్థం చేసింది. కాని అదే చట్టంలో అమెరికన్ ఓడలు యుద్ధ మండలాల్లోకి వెళ్ళడానికి ఇది అనుమతి కాదన్న వాక్యం కూడా ఉంది. ఎర్ర సముద్రం ఇక యుద్ధ మండలం కాదని ఏప్రిల్‌లో ప్రకటించి అధ్యక్షుడు ఆ మండలాన్నే కుదించారు. జూన్‌లో రష్యా మీద జర్మనీ దాడి చేసినప్పుడు రష్యా విషయంలో చట్టాన్ని అమలు చేయకుండా ఊరుకున్నారు. అక్టోబరు 31న జర్మన్ జలాంతర్గామి దాడిలో అమెరికన్ యుద్ధనౌక రూబెన్ జేమ్స్ మునిగాక, నవంబరులో మండల నిషేధమూ, వర్తక ఓడల మీద తుపాకులు అమర్చడానికున్న నిషేధమూ రద్దయ్యాయి. ప్రతినిధుల సభలో ఆ సవరణ 212–194తో మాత్రమే గట్టెక్కింది. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడికి నెల రోజులు కూడా లేని సమయంలో 194 మంది వద్దన్నారన్న అంకెను మీ పత్రంలో ప్రముఖంగా పెట్టండి.

కాబట్టి మీ తోటి విద్యార్థికి ఇవ్వదగిన జవాబు ఇది: రూజ్‌వెల్ట్ సొంత దేశపు తటస్థతా చట్టాన్ని సాధారణంగా మీరలేదు, దాన్ని అమలు చేయకుండా ఊరుకోవడం, కాంగ్రెస్ చేత మార్పించడం, హద్దులు జరపడం ఆయన పద్ధతులు. 1940 సెప్టెంబరు నుంచి ఆయన మీరింది అంతర్జాతీయ న్యాయంలోని తటస్థతను. మాస్టారితో అయితే ఇలా అనవచ్చు: 1917 నాటి దారుల్లో అమెరికా మళ్ళీ యుద్ధంలోకి జారకుండా ఆపడంలో ఈ చట్టాలు చాలావరకు పనిచేశాయి, దానికి మూల్యం చెల్లించింది ఇథియోపియా, స్పెయిన్‌లు. విఫలం అన్న మాటను ఆ రెండో లెక్క చూపించాకే వాడండి.

ఇక మనవాళ్ళ సంగతి. దీనికి రెండు జాడలు ఉన్నాయి. 1939 సెప్టెంబరు 5 నాటి ప్రకటనలో ఆయుధాలు అమ్మకూడని దేశాల వరుసలో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల సరసన ఇండియా పేరు విడిగా ఉంది. యుద్ధంలోకి దిగుతారా అని ఇక్కడి ప్రతినిధులను అడగకుండానే వైస్రాయ్ లిన్‌లిత్‌గో రెండు రోజుల ముందు చేసిన ప్రకటన ఫలితం అది. దీన్ని పత్రం ప్రధాన భాగంలోనే చేర్చండి.

రెండోది, బ్రిటిష్ పాలనను కూలదోయడానికి అమెరికాలోని భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీ. అమెరికా తటస్థంగా ఉన్న 1915లో, ఇండియాలో తిరుగుబాటు కోసం జర్మన్ సొమ్ముతో కొన్న ఆయుధాలు శాన్ డియాగోలో ఆనీ లార్సెన్ ఓడకెక్కాయి. అవి గమ్యం చేరకుండానే వాషింగ్టన్ రాష్ట్రంలో పట్టుబడ్డాయి. ఆ కుట్ర మీద 1917 నవంబరు నుంచి 1918 ఏప్రిల్ దాకా శాన్ ఫ్రాన్సిస్కోలో విచారణ సాగింది. ముద్దాయిల్లో ఒకరైన రామచంద్రను చివరి రోజున కోర్టు గదిలోనే తోటి ముద్దాయి రామ్ సింగ్ కాల్చి చంపాడు, కోర్టు భద్రత చూసే మార్షల్ తుపాకీకి అతనూ అక్కడే కూలిపోయాడు. తారక్‌నాథ్ దాస్ వంటివారికి, జర్మన్ కాన్సుల్ జనరల్ ఫ్రాంజ్ బాప్‌కు శిక్షలు పడ్డాయి. కాలిఫోర్నియాకు చదువు కోసం వెళ్ళి ఈ పార్టీలో చేరిన దర్శి చెంచయ్య మన తెలుగువారే. అయితే ఆ ముద్దాయిల మీద మోపిన నేరం 1794 చట్టం వంశానికి చెందినది, అంటే సఖ్యంగా ఉన్న దేశం మీదికి అమెరికా గడ్డ నుంచి సాయుధ యాత్రకు ప్రయత్నించడం. 1935 నాటి నిషేధాలతో దానికి సంబంధం లేదు కాబట్టి మీ పట్టికలో కలపకండి, పాత చట్టాన్ని పరిచయం చేసే చోట ఒక పేరాగా రాయండి.